గాలి తుపాకికి గట్టి స్ప్రింగు వేస్తే రిపేరు అయిపోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

పైడితల్లి సిరిమానోత్సవం దగ్గరపడుతున్నా, కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర వస్తున్నా లేతు షాపుల ముందు ఎయిర్ గన్‌లు కనబడతాయి. బెలూన్ల స్టాలు వాళ్లవి కొన్ని, ఉద్దానం జీడితోటల కాపలాకని కొన్నవి కొన్ని, అటక మీంచి దించిన తాతల కాలం నాటివి కొన్ని. తెచ్చిన అందరిదీ ఒకటే మాట: "జోరు తగ్గిపోనాది బావూ, గట్టి స్ప్రింగు ఎయ్యండి." లేతు మేస్త్రీ కూడా సరేనని లారీ క్లచ్చు దగ్గరదో, ఏ పాత యంత్రానిదో లావుపాటి స్ప్రింగు కోసి దూర్చేస్తాడు. నాలుగు రోజులు ధన్‌మని మోగుతుంది, ఆ తర్వాత అసలే మూలపడుతుంది. ముసలితనం వల్ల పోయిన రైఫిళ్లకన్నా ఈ వైద్యం వల్ల పోయినవే మా కళ్లకు ఎక్కువ కనబడుతున్నాయి గనక ఈ ఉత్తరం.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. బ్యారెల్‌ని (గుండు వెళ్లే గొట్టాన్ని) మడిచి కిందికి లాగితే పిస్టన్ వెనక్కి వెళ్లి స్ప్రింగును నొక్కిపెట్టి ట్రిగ్గర్ కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూకుతుంది. సిలిండర్‌లో ఉన్న గాలి నలిగి, సుమారు 3 మి.మీ. వెడల్పున్న రంధ్రంలోంచి గుండు వెనక్కి చేరుతుంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి కొడితే చేతికి తెలిసే బిగువే ఇదీను. గుండు బ్యారెల్‌లో కాస్త అడ్డుకోబట్టే పిస్టన్ ముందు పల్చటి గాలి పొర నిలుస్తుంది, ఆ పొరే పిస్టన్‌కు పరుపు. గాలి ఎక్కడ కారినా జోరు పోతుంది, పరుపూ పోతుంది. పిస్టన్ నేరుగా ఇనుప గోడకు కొట్టుకుంటుంది. గుండు వేయకుండా ఉత్తినే పేల్చవద్దని చెప్పేది ఇందుకే. చూడ్డానికి వచ్చిన గుంటలు సరదాకి పదిసార్లు ఉత్తుత్తి దెబ్బలు కొడితే వాషరు అంచు చిట్లడానికి అది చాలు.

అంచేత జోరు తగ్గినప్పుడు ముందు చూడాల్సింది స్ప్రింగును కాదు, గాలి కారే చోట్లని. బ్యారెల్ మడత దగ్గర చిన్న రబ్బరు రింగు గానీ తోలు వాషరు గానీ ఉంటుంది. బ్యారెల్ మూసి, ఆ అతుకు మీద పల్చటి టిష్యూ కాగితం ముక్క పెట్టి, గుండు వేసి, వెనక భద్రమైన అడ్డు ఉన్నచోట ఒకసారి పేల్చండి. కాగితం ఎగిరితే అక్కడ కారుతోందన్నమాట. రింగు కూర్చునే గాడి అడుగున పల్చటి కాగితపు వాషరు ఒకటి వేసి, రింగును ఒక వెంట్రుకవాసి పైకి లేపినా చాలాసార్లు సరిపోతుంది. మరీ పైకి లేపితే బ్యారెల్ మూసుకోక మొరాయిస్తుంది, గురి పైకీ కిందికీ మారుతూ ఉంటుంది.

రెండోది పిస్టన్ వాషరు. పాత రైఫిళ్లలో తోలుది, కొత్తవాటిలో ప్లాస్టిక్‌ది. తోలుది ఎండిపోతే ముడుచుకుపోతుంది. సిలికాన్ నూనె రెండు చుక్కలు గాలి రంధ్రంలో వేసి, రైఫిల్‌ని రాత్రంతా నిటారుగా నిలబెడితే కొంత కోలుకుంటుంది. ప్లాస్టిక్ వాషరుకు ఆ రెండు చుక్కలు కూడా వద్దు. విప్పినప్పుడు మాత్రం తేలిక పరీక్ష ఒకటుంది. స్ప్రింగు లేకుండా పిస్టన్‌ని సిలిండర్‌లోకి దూర్చి, గాలి రంధ్రాన్ని బొటనవేలితో మూసి, వెనకనుంచి గట్టిగా తోయండి. పిస్టన్ మెత్తగా ఆగి, చెయ్యి వదిలితే వెనక్కి జరగాలి. తుస్సుమని చివరిదాకా పోతే వాషరు వదులు. అసలు కదలడానికే బలం పెట్టాల్సి వస్తే మరీ బిగువు, దాంతోనూ జోరు చచ్చిపోతుంది. 400 నంబరు ఎమరీ కాగితంతో అంచు కొద్దికొద్దిగా తీసి చూసుకోవాలి.

ఇప్పుడు గట్టి స్ప్రింగు సంగతి. స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్లు అన్నే ఉండి, చుట్టు వెడల్పూ అదే అయినా, 3 మి.మీ. తీగ బదులు 3.25 తీగ వేస్తే గట్టిదనం 38 శాతం దాకా పెరుగుతుంది. పావు మిల్లీమీటరే కదా అనుకుంటారు! ఇంకో లెక్క చూడండి. 30 చుట్ల స్ప్రింగు పూర్తిగా నలిగితే 3 మి.మీ. తీగది 90 మి.మీ. ఎత్తు ఉంటుంది, 3.25 తీగది 97.5. కాక్ చేసినప్పుడు, అంటే బ్యారెల్ మడిచి పిస్టన్‌ని కొక్కేనికి తగిలించినప్పుడు, లోపల మిగిలే చోటు 95 మి.మీ. అనుకుంటే మొదటిది నిక్షేపంగా పడుతుంది. రెండోది కొక్కెం అందకముందే చుట్టు మీద చుట్టు కూర్చుని దిమ్మలా ఆగిపోతుంది. అప్పుడు మనవాళ్లు బ్యారెల్‌ని మోకాలికి ఆనించి ఇంకా బలంగా లాగుతారు. బ్యారెల్‌కీ పిస్టన్‌కీ మధ్య ఉన్న లింకు వంగిపోతుంది, లేకపోతే మడత పిన్ను వదులైపోయి బ్యారెల్ పక్కలకు ఊగుతుంది. పాత స్ప్రింగు వెనక రెండు ఇనుప వాషర్లు దూర్చి బిగువు పెంచడం కూడా ఇదే కోవలోది. 5 మి.మీ. వాషర్లు వేశామంటే లోపలి చోటులో 5 మి.మీ. పోయినట్టే.

ఒకవేళ కాక్ అయినా లాభం ఉండదు. పిస్టన్ విసురు పెరిగి, గాలి పొరను తాకి ఎగిరి వెనక్కి వస్తుంది. అదనపు బలంలో ఎక్కువ భాగం స్టాకును (భుజానికి ఆనించే పిడిని) ఊపడానికీ, స్క్రూలు వదులు చేయడానికీ ఖర్చవుతుంది. గుండు వేగం కాస్తే పెరుగుతుంది, గురి మాత్రం చెల్లాచెదురవుతుంది. స్ప్రింగు మార్చక తప్పకపోతే కొట్టువాడికి ఐదు కొలతలు చెప్పి కొనాలి: తీగ మందం, బయటి వ్యాసం, లోపలి వ్యాసం, చుట్ల సంఖ్య, విడిగా ఉన్నప్పటి పొడవు. "ఎయిర్ గన్ స్ప్రింగు ఇవ్వండి" అంటే అతను ఏదో ఒకటి ఇచ్చేస్తాడు. తెచ్చినదాన్ని అద్దం పలక మీద దొర్లించి చూడండి. తడబడుతూ దొర్లితే వంకర ఉన్నట్టు, అది వద్దు. రెండు కొసలూ చదునుగా అరగదీసి ఉండాలి.

చట్టం సంగతి కూడా ఈ స్ప్రింగుతోనే ముడిపడి ఉంది. 2016 ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్‌కు బోరు (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మి.మీ., మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకూడదు. శక్తి లెక్క ఇంటర్ పిల్లలకు తెలిసిందే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. 0.53 గ్రాముల గుండు సెకనుకు 240 మీటర్ల వేగంతో వెళితే 15 జౌళ్ల పైచిలుకు. 275 మీటర్లకు చేరితే దాదాపు 20. పెట్టె మీద "1000 ఎఫ్‌పీఎస్" (సెకనుకు వెయ్యి అడుగులు) అని గొప్పగా రాసి ఉంటే, అంటే సుమారు 305 మీటర్లు, అర గ్రాము సీసపు గుండుతో అది 23 జౌళ్లు అవ్వాలి. అలాంటి అంకె చాలాసార్లు 0.33 గ్రాముల తేలికపాటి మిశ్రలోహపు గుండుతో రాబట్టింది. దాంతో లెక్కేస్తే 15 జౌళ్లే! పెట్టె మీద అంకె చూసి కొనేవాళ్లు, ఇంట్లో సీసపు గుండు వేసి "జోరు లేదు" అని లేతు షాపుకు పరుగెత్తడానికి సగం కారణం ఈ ప్రచారమే. అటక మీంచి దించినది 5.5 బోరేమోనని అనుమానం ఉంటే బ్యారెల్ మడిచి గట్టిగా పట్టుకుని 4.5 గుండు వేయండి. పట్టు లేకుండా గొట్టంలోంచి జారి కింద పడితే అది పెద్ద బోరే. దాన్ని అమ్మేముందూ కొనేముందూ కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సుల విభాగంలో అడగాలి.

విప్పడం దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పాలి. లోపల స్ప్రింగు ఎప్పుడూ కొంత నొక్కుకునే ఉంటుంది. వెనక దిమ్మె విప్పగానే 5 నుంచి 8 సెంటీమీటర్ల దాకా బయటికి తన్నుకొస్తుంది. గుండెకు ఆనించి చేత్తో పట్టుకుని పిన్ను కొట్టడం పళ్లూ కళ్లూ పోగొట్టుకునే పని. వడ్రంగుల దగ్గర తలుపులు అతికించేటప్పుడు బిగించే పొడవాటి బార్ క్లాంపు ఉంటుంది. దాన్నొకటి బల్లకు కట్టి, రైఫిల్ గొట్టాన్ని అందులో బిగించి, దిమ్మె మీద చెక్క ముక్క అడ్డంపెట్టి కొద్దిగా నొక్కి, పిన్ను తీసి, మర మెల్లగా వదలాలి. జర్మన్ కంపెనీ డయానా 27, 35 మోడళ్లలో ట్రిగ్గర్ దగ్గర మూడు ఉక్కు గోళీలు ఉంటాయి. అవి బల్ల కింద దొర్లిపోతే వెతుక్కోవడమే పని. బిగించేటప్పుడు వాటిని చిక్కటి గ్రీజుతో అంటించి నిలపాలి.

లోపలంతా కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాక, సిలిండర్ కింద ఉన్న పొడవాటి గాడి అంచులు వేలితో తడమండి. గరుకు తగిలితే 600 ఎమరీతో తీసేయాలి, లేకపోతే వాషరు ఎక్కించేటప్పుడే కోసుకుపోతుంది. పేల్చినప్పుడు వచ్చే "ట్వాంగ్" మోత, స్ప్రింగుకూ లోపలి గైడు కడ్డీకీ మధ్య సందు వల్ల పుడుతుంది. లేతు మేస్త్రీ నిజంగా చేయాల్సిన పని ఇక్కడ ఉంది: నైలాన్ గానీ డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ గానీ కడ్డీ తెచ్చి, విడి స్ప్రింగు లోపలికి చేత్తో తోస్తే బిగువుగా దిగేలా గైడు తిప్పించడం. నొక్కుకున్నప్పుడు స్ప్రింగు చుట్టు కాస్త వెడల్పవుతుంది గనక విడిగా ఉన్నప్పుడు ఆ బిగువు ఉండాల్సిందే. గట్టి స్ప్రింగుకు అయ్యే ఖర్చుతో ఈ గైడు వేయిస్తే అదే రైఫిల్ తలుపు గడియ పడినంత నెమ్మదిగా పలుకుతుంది.

నూనెల దగ్గర మనవాళ్ల ధారాళం చెప్పనలవి కాదు. కొబ్బరినూనె, సైకిల్ నూనె, వాడేసిన ఇంజను ఆయిలు, ఏది చేతికి దొరికితే అది గాలి రంధ్రంలో పోస్తారు. పిస్టన్ దూకినప్పుడు నలిగిన గాలి బాగా వేడెక్కుతుంది. అక్కడ నూనె ఆవిరి ఉంటే డీజిల్ ఇంజనులో మాదిరి అంటుకుంటుంది. ఠాప్‌మని పెద్ద చప్పుడు, తెల్లటి పొగ, మాడు వాసన వస్తాయి. "జోరు పెరిగింది" అని సంబరపడేది ఆ చప్పుడుకే. నిజానికి ఆ మంట వాషరును మాడుస్తుంది, ఎదురు దెబ్బకు స్ప్రింగు విరుగుతుంది. సరైన పద్ధతి ఇది: పిస్టన్ వెనక అంచు చుట్టూ, వాషరు పక్కలకు మాలిబ్డినం పేస్టు మరకలా రుద్దాలి. వాషరు ముందు ముఖానికి అసలేమీ పూయకూడదు. స్ప్రింగుకు జిగురుగా సాగే చిక్కటి గ్రీజు పల్చగా పట్టించాలి. మడత పిన్నుకు చిటికెడు గ్రీజు. కుట్టు మిషన్ నూనె రైఫిల్ పైభాగం తుడవడానికి మాత్రమే. ఇంత జాగ్రత్తగా చేసినా మొదటి 20, 30 దెబ్బలకు కాస్త పొగ వస్తే కంగారు పడనక్కర్లేదు. వంద దాటినా పొగ తగ్గకపోతే గ్రీజు ఎక్కువైందని అర్థం.

ట్రిగ్గర్ తేలిక చేస్తామని కొక్కెం మొనను ఆకురాయితో అరగదీయడం మాత్రం ఎవరు అడిగినా చేయకండి. చాలా ట్రిగ్గర్లలో గట్టిపరిచిన పొర పైపైనే ఉంటుంది. అది పోతే లోపలి మెత్తటి ఇనుము రోజురోజుకూ అరిగి, ఒకనాడు బ్యారెల్ మడిచి ఉండగానే జారుతుంది. అప్పుడు బ్యారెల్ ఒక్క ఉదుటున పైకి లేచి వంగుతుంది, స్టాకు పగులుతుంది, గుండు వేస్తున్న వేళ్లు నలుగుతాయి. బ్యారెల్‌ని ఒక చేత్తో పట్టుకునే గుండు వేయాలన్న నియమం ఎంత మంచి రైఫిల్‌కైనా వర్తిస్తుంది. రిపేరయ్యాక, గుండు వేసి మూతిని అడ్డు వైపు పెట్టి, బట్ (భుజానికి ఆనే కొస) అడుగున రబ్బరు సుత్తితో నాలుగుసార్లు తట్టండి. పేలితే అది వాడుకకు పనికిరాదు.

కొత్తది కొనేవాళ్లకు: మడిచి మూసిన బ్యారెల్‌ని పక్కలకు ఊపి చూడండి, కాస్త కూడా కదలకూడదు. కాక్ చేసేటప్పుడు కరకరమంటే లోపల స్ప్రింగు వంకర అయినా ఉండాలి, ఇనుప రజను అయినా మిగిలి ఉండాలి. కొట్టులో క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) ఉంటే ఒకే రకం గుళ్లతో పది దెబ్బలు కొట్టించండి. సగటు వేగం కన్నా, ఎక్కువకూ తక్కువకూ తేడా ముఖ్యం. సెకనుకు 5 మీటర్ల లోపు తేడా ఉన్నది కొనండి. 15 దాటితే, అది ఎంత జోరుగా ఉన్నా పక్కన పెట్టండి. స్ప్రింగు బదులు బిగించిన గ్యాస్‌తో నడిచే గ్యాస్ పిస్టన్ మోడళ్లకు ట్వాంగ్ ఉండదు, బాగానే ఉంటాయి. గ్యాస్ కారితే మాత్రం మొత్తం ముక్క మార్చాల్సిందే, దాన్ని కోసి చూడాలనుకోవద్దు, లోపల ఒత్తిడి ఎక్కువ. టెలిస్కోపు పెట్టించుకుంటే ఎయిర్ గన్‌కని తయారైనదే తీసుకోవాలి. పిస్టన్ వదిలినప్పుడు రైఫిల్ వెనక్కీ, ఆగినప్పుడు ముందుకీ కుదుపు తింటుంది. ఆ ముందు కుదుపు మామూలు టెలిస్కోపుల్లో అద్దాల్ని కదిలించేస్తుంది.

గుళ్లు విడిగా పొట్లం కట్టి ఇచ్చేవి వద్దు, నలిగిన అంచుతో ఏ రైఫిలూ సరిగా కొట్టదు. డబ్బా గుళ్లు నాలుగు రకాలు తెచ్చి, 10 మీటర్ల దూరంలో ఒక్కో రకంతో ఐదేసి కొట్టి, ఏది ఒకేచోట గుమిగూడితే దానికే కట్టుబడాలి. కాగితపు లక్ష్యానికి చదును తల గుండు, దూరానికి గుండ్రటి తలది. రైఫిల్‌ని బిగించి పట్టుకుంటే గురి తప్పుతుంది. ముందు చెయ్యి అరచేతిలో ఆనించి వదులుగా ఉంచాలి, దాని కుదుపు అది కుదుపుకోవాలి. ఒలింపిక్ 10 మీటర్ల పోటీలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే, గుండేమో 4.5 మి.మీ. అక్కడ జోరు ఎవరూ అడగరు.

పాతవి సేకరించేవాళ్లకు రెండు మాటలు చాలు. డయానా గొట్టం మీద వెనక వైపు తయారైన నెల, సంవత్సరం అంకెలు పొడిచి ఉండొచ్చు. మెరుగు పెట్టించి వాటిని చెరిపేయకండి. తుప్పును సన్నటి ఉక్కు పీచుతో, నూనె తడితో నెమ్మదిగా తీస్తే అడుగున నల్లరంగు మిగులుతుంది. 1960, 70 దశకాల కొన్ని జర్మన్ రైఫిళ్లలో ప్లాస్టిక్ వాషర్లు పేల్చకపోయినా కాలానికే ముద్దై, పొడి పొడిగా రాలిపోతాయి. అలాంటిది దొరికితే పేల్చి చూడకుండా ముందు విప్పి చూడాలి. తీసిన పాత భాగాల్ని కొలతలు రాసి పొట్లంలో దాచండి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో రెగ్జిన్ సంచిలో కట్టి ఉంచితే వానాకాలం దాటేసరికి తుప్పే. నూనె గుడ్డతో తుడిచి, బయట గోడకు ఆనించకుండా బీరువాలో నిలబెట్టాలి. బ్యారెల్ శుభ్రానికి గేలపు నైలాన్ తాడు మడతలో గుడ్డ పీలిక పెట్టి లాగితే చాలు, ఇనుప ఊచ దూర్చకండి.

తోటల కాపలాకు ఇది పనికిరాదని కూడా రాయాలి. చప్పుడు లేనిది కోతిని బెదిరించదు, గాయం చేస్తుంది. కోతి చచ్చేదాకా ఆ సీసం ఒంట్లో ఉండిపోతుంది. తేలినీలాపురం, తేలుకుంచి చుట్టుపక్కల చెట్ల మీద వాలే కొంగల మీద ఎక్కుపెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

ఇక జాతరల్లో బెలూన్ల స్టాళ్లు. గుళ్లు చెక్కకు తగిలి ఎదురుగా వెనక్కి ఎగురుతాయి, గుంటలు ముందు నిలబడతారు. బెలూన్ల వెనక చెక్కకు బదులు 30 సెంటీమీటర్ల లోతు పెట్టె, అడుగున 3 మి.మీ. ఇనుప రేకు, దాని ముందు కూరి నింపిన పాత బట్టలు గానీ వార్తాపత్రికలు గానీ ఉండాలి. (మీ పత్రిక పాత ప్రతులు కూడా పనికొస్తాయి, ఏమీ అనుకోకండి.) కౌంటరుకు పక్కల తాడు, పేల్చేవాడికి కళ్లద్దాలు, గుళ్లు నోట్లో పెట్టుకోకుండా నిఘా, ఆట అయ్యాక చేతులు కడుక్కోవడానికి బిందెడు నీళ్లు. జాతర స్థలాలకు అనుమతి ఇచ్చే అధికారులు ఇవన్నీ రాతపూర్వకంగా అడగాలని, స్టాలు పెట్టే ముందు రోజే రైఫిల్‌కు సుత్తి పరీక్ష చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
ఎయిర్ రైఫిల్ రిపేరు, గురి సాధన తెలిసిన కొందరు పాఠకులు,
విజయనగరం